"ఏ జెల్ వాడాలి మేడం?": రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత ఒక కేసు

ఓపీ చీటీ మీద నర్సు రాసిన సమస్య "మూత్రంలో మంట". యూరిన్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. షుగరు లేదు. అప్పటికే రెండు చోట్ల యాంటీబయాటిక్ కోర్సులు వాడారు, మంట మాత్రం అలాగే ఉంది. "మంట లోపల్నుంచి వస్తోందా, మూత్రం బయట తగిలిన చోట వస్తోందా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "బయటే మేడం. చీరుకుపోయిన చోట ఉప్పు పడ్డట్టు ఉంటుంది" అన్నారు. ఎలా చీరుకుపోయిందని అడిగితే తల దించుకున్నారు.

నర్సును వేరే పని మీద పంపి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. అప్పుడు పర్సులోంచి ఒక ట్యూబు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది పడట్లేదు. ఏ జెల్ వాడాలి మేడం?"

ఆ ట్యూబు లిగ్నోకైన్ జెల్లీ. మూత్రం గొట్టం వేసేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండటానికి మేం వాడే తిమ్మిరి మందు.

ఆమె వయసు 51. గుంటూరు దగ్గర ఒక మండల కేంద్రంలో ఉంటారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఈ కేసు రాయడానికి కారణం, కలయికలో నొప్పి లేకుండా ఏ జెల్ వాడాలని ఆమె అడిగిన ఆ ప్రశ్నే. చాలామంది ఆడవాళ్లు దాన్ని మెడికల్ షాపులో అడగలేరు, ఇంట్లో అడగలేరు, డాక్టరు దగ్గర కూడా మూత్రంలో మంట అనే పేరుతో అడుగుతారు. నేను కూడా మొదటిసారి ఆ ప్రశ్నకు తొందరపడి జవాబిచ్చాను. దాని ఫలితం ఆమె అనుభవించారు. అదీ రాస్తాను.

ముందు జరిగినవి

38 ఏళ్లప్పుడు బ్లీడింగ్ ఎక్కువగా ఉందని గర్భసంచి తీశారు. ఆమెకు తెలిసింది అంతవరకే. పాత ఫైలు తెప్పించి చూస్తే, రెండు అండాశయాలూ అప్పుడే తీసేసినట్టు ఉంది. 13 ఏళ్లుగా ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మన దగ్గర ఇది అరుదేమీ కాదు. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచి ఒక్కటే తీస్తే హార్మోన్లు వెంటనే ఆగిపోవు. అండాశయాలు కూడా తీస్తే ఆ వారం నుంచే మెనోపాజ్. 38 ఏళ్ల మనిషికి అది చెప్పకుండా ఇంటికి పంపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

48 ఏళ్లకు ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ క్యాన్సర్, అంటే హార్మోన్ల సాయంతో పెరిగే రకం. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. అప్పటి నుంచి రోజూ లెట్రొజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు, నన్ను కలిసేనాటికి రెండేళ్లు దాటింది.

అండాశయాలు లేని స్త్రీ శరీరంలో కూడా కొద్దిగా ఈస్ట్రోజన్ తయారవుతుంది. ఒంట్లోని కొవ్వు, ఇతర కణజాలం వేరే హార్మోన్ల నుంచి దాన్ని తయారుచేసుకుంటాయి. ఆ కాస్త కూడా తయారు కానివ్వకపోవడమే లెట్రొజోల్ పని. క్యాన్సర్ తిరిగి రాకుండా అది కాపాడుతోంది కాబట్టి ఆపకూడదు. కానీ యోని లోపలి పొరకు తడి, మందం, సాగే గుణం ఇచ్చేది ఈస్ట్రోజనే. 38 ఏళ్లకు ఒకసారి, 49 ఏళ్లకు ఇంకోసారి, ఆమెకు అది రెండుసార్లు అందకుండా పోయింది.

"ఆయన పక్కకు వస్తున్నాడంటే సాయంత్రం నుంచే టెన్షన్ మేడం" అన్నారు. "ఇప్పుడు రావడం కూడా మానేశాడు. ఏమీ అనడు. అనకపోవడమే నాకు బాధ."

ఇంట్లో వాడి చూసినవి

ఏమేం వాడారో ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నాను. ఈ భాగానికి సమయం ఎక్కువే పట్టింది. కానీ చికిత్స మొత్తానికి దారి చూపింది ఇదే.

మొదట కొబ్బరి నూనె. దానితో కొంత సుఖంగానే ఉండేదట. అయితే కండోమ్ రెండుసార్లు చిరిగింది. గర్భసంచి లేని 51 ఏళ్ల స్త్రీకి కండోమ్ ఎందుకని అడిగాను. కీమో జరిగేటప్పుడు, ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు కండోమ్ వాడమని అక్కడి సిస్టర్ చెప్పారట. అది సరైన సలహానే. కీమో మందులు కొద్ది రోజులపాటు ఒంటి స్రావాల్లో ఉంటాయి. కీమో అయిపోయాక ఇక మానేయవచ్చని ఎవరూ చెప్పలేదు. దాంతో క్యాన్సర్ కలయిక వల్ల అంటుకుంటుందేమోనన్న అనుమానం భర్త మనసులో ఉండిపోయింది, రెండేళ్లుగా కండోమ్ వాడుతూనే ఉన్నారు.

చిరగడానికి కారణం నూనె. మామూలు కండోమ్ లేటెక్స్ అనే రబ్బరుతో చేస్తారు. కొబ్బరి నూనె, వాజెలిన్, బేబీ ఆయిల్, వెన్న, ఏ కొవ్వు పదార్థం తగిలినా ఆ రబ్బరు మెత్తబడి బలం కోల్పోతుంది. 1989లో అమెరికాలో ప్రచురించిన పరీక్షల్లో, మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లకే లేటెక్స్ కండోమ్ బలం దాదాపు 90 శాతం తగ్గిపోయింది. పైకి మాత్రం ఏ తేడా కనబడదు.

కండోమ్ చిరిగిందన్న భయంతో నూనె మానేసి వాజెలిన్ వాడారు. అదీ నూనె జాతిదే, పైగా లోపల అతుక్కుని ఒక పట్టాన పోదు. అది పోవడం కోసం టీవీ ప్రకటనలో చూసిన వాష్ కొని, వేలితో లోపలి దాకా కడగడం మొదలుపెట్టారు. ఒక్కోసారి గాయాలు కడిగే యాంటీసెప్టిక్‌ను నీళ్లలో కలిపి కూడా. అసలు మంట అప్పుడు మొదలైంది.

చివరగా ఆయన మెడికల్ షాపుకు వెళ్లారు. పక్కన తెలిసినవాళ్లు ఉన్నారని గొంతు తగ్గించి "జెల్లీ కావాలి" అని మాత్రం అడిగారు. షాపులో జెల్లీ అంటే లిగ్నోకైన్ జెల్లీ. అదే కట్టి ఇచ్చారు. ఆ రాత్రి ఇద్దరికీ తిమ్మిరెక్కింది. ఆయనకు పట్టు తప్పింది. ఆమెకు నొప్పి తెలియలేదు. తెల్లారి చూసుకుంటే రక్తం. చర్మం చీరుకుపోతున్నా ఆగమని చెప్పాల్సిన నొప్పిని ఆ మందు మూసేసింది.

పరీక్షలో కనిపించింది

ఎప్పుడు చెయ్యి పైకెత్తితే అప్పుడు ఆపేస్తానని మాట ఇచ్చి, పెళ్లికాని అమ్మాయిలకు వాడే సన్నటి స్పెక్యులమ్ (లోపల చూసే పరికరం) గోరువెచ్చని నీటితో తడిపి వాడాను. యోని ద్వారం కింది అంచున ఒక సెంటీమీటరు పగులు. పొర పాలిపోయి, ముడతలు లేకుండా నున్నగా ఉంది. దూదిపుల్ల తగిలితేనే అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితం 6.5 చూపించింది, ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఈస్ట్రోజన్ ఉన్న వయసులో అది 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, ఆ పులుపే హానిచేసే క్రిములను అదుపులో పెడుతుంది. ఫంగస్ ఇన్ఫెక్షన్ లేదు. మూత్రంలో మంటకు ఆ పగులే కారణం.

తడి చేసిన దూదిపుల్లతో ద్వారం చుట్టూ గడియారం అంకెల వరసలో తాకుతూ, నొప్పి పదికి ఎంతో చెప్పమన్నాను. 5, 7 గంటల చోట పదికి 9 చెప్పారు. లోపలి గోడల మీద 3 మాత్రమే. ద్వారం దాటాక కటి కండరాలు రెండు వైపులా తాడులా బిగుసుకుని ఉన్నాయి. నొప్పి వస్తుందని తెలిసిన శరీరం ముందే బిగుసుకుంటుంది. బిగుసుకున్న కండరం మీద ఒత్తిడి పడితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఏ జెల్ రాసినా ఆ బిగుతు వదలదు.

నేను చేసిన పొరపాటు

ఆ రోజు చెప్పినవాటిలో చాలావరకు సరైనవే. లోపల కడగడం పూర్తిగా మానేయాలి, బయట మామూలు నీళ్లు చాలు. లిగ్నోకైన్ జెల్లీ ఆపాలి. పగులు మానేదాకా కలయిక వద్దు. మూడు వారాల తర్వాత నీటి ఆధారిత లూబ్రికెంట్ వాడమని, ఎక్కడైనా దొరికే ఒక జెల్ పేరు రాసిచ్చాను. నీటి ఆధారితం అంటే సున్నితమైనదని, కండోమ్‌కు కూడా మంచిదని మేమంతా అలవాటుగా చెప్పే మాట. ట్యూబు వెనక ఏముందో నేను చదవలేదు.

నెల రోజులకు రమ్మంటే రాలేదు. రెండు నెలలు దాటాక మేమే ఫోను చేసి పిలిపించాం. "మీరిచ్చింది పెడితే కారం పెట్టినట్టు అయింది మేడం. చెప్పడానికి ఇబ్బందిగా అనిపించి రాలేదు" అన్నారు. రాసుకున్న ఐదు నిమిషాల్లో మంట మొదలై, కడిగేసుకున్నా తెల్లారేదాకా తగ్గలేదట. నొప్పి తగ్గాల్సింది పోయి మంట తోడైంది, ఆ తర్వాత ఆమె ఇంకే ప్రయత్నమూ చేయలేదు. నా సలహా వల్ల రెండు నెలలు పోయాయి.

ట్యూబు తెప్పించి చదివాను. నీటి తర్వాత రెండో పేరు గ్లిజరిన్, మూడోది ప్రొపిలీన్ గ్లైకాల్, చివర్లో క్రిములు పెరగకుండా వేసే పారాబెన్. ఇలాంటి లేబుళ్ల మీద ఎక్కువ ఉన్న పదార్థం ముందు రాస్తారు.

దీన్ని ఆమెకు ఎలా చెప్పానో ఇక్కడా అలాగే చెబుతాను. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పక్కన పెడితే నీరు ఊరుతుంది కదా. ఆ నీరు బయటినుంచి రాలేదు, ముక్కలోనిదే. గ్లిజరిన్, గ్లైకాల్ ఎక్కువగా ఉన్న జెల్ యోని పొర మీద అలాగే పనిచేస్తుంది. రాసిన వెంటనే తడిగా అనిపిస్తుంది. ఆ తడిలో కొంత పొరలోని కణాల నుంచి లాగినదే. కణాలు ముడుచుకుంటాయి, పైపొర ఊడిపోతుంది. ఆరోగ్యంగా, మందంగా ఉన్న పొర దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. ఒకటి రెండు వరసల కణాలు మాత్రమే మిగిలిన ఈమె పొర ఎలా తట్టుకుంటుంది?

ఈ లాగే గుణాన్ని ఆస్మొలాలిటీ అనే కొలతతో చెబుతారు. ఆరోగ్యవంతమైన యోని స్రావాలకు అది సుమారు 260 నుంచి 290 ఉంటుంది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అయిన యూఎన్‌ఎఫ్‌పీఏ, ఎఫ్‌హెచ్‌ఐ 360 అనే ఆరోగ్య సంస్థ కలిసి ఇచ్చిన సూచనలో లూబ్రికెంట్‌కు 380 లోపు ఉంటే ఉత్తమమని, మార్కెట్లో అలాంటివి తక్కువ కాబట్టి 1200 దాటకుండా చూసుకోవాలని రాశారు. గ్లైకాల్స్ మొత్తం 8.3 శాతం మించకూడదని, యోనికి వాడేదాని పీహెచ్ 4.5 దగ్గర ఉండాలని కూడా ఉంది. ఎక్కువగా అమ్ముడయ్యే జెల్లలో 2000 దాటినవి, 6000 దాటినవి కూడా ఉన్నాయి. ఈ అంకె డబ్బా మీద ఉండటం చాలా అరుదు. కాబట్టి మనం చేయగలిగింది లేబుల్ వెనక వరస చదవడం. నీటి తర్వాత వెంటనే గ్లిజరిన్ గానీ గ్లైకాల్ గానీ ఉంటే, పొడిబారిన, పగుళ్లున్న పొరకు ఆ జెల్ వద్దు. వేడినిచ్చే రకం, చల్లదనం ఇచ్చే రకం, పండ్ల వాసనలు, రుచులు ఉన్నవి, వీర్యకణాలను చంపే నోనాక్సినాల్ కలిపినవి, క్లోర్‌హెక్సిడిన్ కలిపినవి కూడా ఈ స్థితిలో వద్దు. క్లోర్‌హెక్సిడిన్ మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది.

ఎంపిక

రెండోసారి జెల్ పేరు రాసే ముందు మూడు ప్రశ్నలు నన్ను నేను వేసుకున్నాను. ఈ పొర దేన్ని తట్టుకోగలదు? దానితో పాటు ఇంకేం వాడుతున్నారు? ఇది చికిత్సా, లేక ఆ పూటకు సాయమా?

ఈస్ట్రోజన్ క్రీము సంగతి ముందు తేల్చాలి. క్యాన్సర్ లేని స్త్రీకైతే తక్కువ మోతాదు ఎస్ట్రియాల్ క్రీముతో పొర మళ్లీ మందమవుతుంది, జెల్ అవసరమే తగ్గుతుంది. గర్భసంచి తీసి, అండాశయాలు కూడా పోయి, ఇదే బాధ పడుతున్న మిగతా స్త్రీలు ఈ కేసు చదివి జెల్ కొనుక్కుని ఆగిపోకూడదు. వారు తప్పకుండా దీని గురించి డాక్టరును అడగాలి. ఈమె విషయంలో క్యాన్సర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడాను. లెట్రొజోల్ నడుస్తుండగా హార్మోన్ లేని మార్గాలన్నీ ముందు వాడి చూద్దామని ఆయన అన్నారు. నాదీ అదే అభిప్రాయం. ఆమెకైతే ఈస్ట్రోజన్ అనే మాట వింటేనే భయం.

కాబట్టి రెండు వస్తువులు, రెండు పనులు. మొదటిది మాయిశ్చరైజర్, అంటే హయలురోనిక్ యాసిడ్ ఉన్న యోని జెల్. కలయిక ఉన్నా లేకపోయినా మూడు రోజులకోసారి రాత్రి పెట్టుకోవాలి. ఎండిన నేలకు క్రమం తప్పకుండా నీళ్లు పెట్టడం లాంటిది. రెండోది లూబ్రికెంట్, ఆ సమయానికి రాపిడి తగ్గించేది. ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది.

లూబ్రికెంట్‌గా ఈసారి సిలికాన్ ఆధారితం ఎంచుకున్నాను. డైమెథికోన్, డైమెథికొనాల్ అనే సిలికాన్ పదార్థాలు తప్ప పెద్దగా ఏమీ లేనిది. ఇందులో నీరు ఉండదు కాబట్టి ఆస్మొలాలిటీ గొడవ లేదు, పొరలోంచి నీరు లాగదు. క్రిములు పెరగకుండా వేసే రసాయనాల అవసరం ఉండదు. పొరలోకి ఇంకదు, త్వరగా ఆరిపోదు. నీటి జెల్ ఐదు పది నిమిషాల్లో ఎండి జిగటవుతుంది, మధ్యలో మళ్లీ రాసుకోవాలి. లేటెక్స్ కండోమ్‌కు సిలికాన్ వల్ల హాని లేదు. భర్త భయం పోయేదాకా కండోమ్ ఉండవచ్చు కాబట్టి అదీ ముఖ్యమే. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన మహిళల్లో నీటి జెల్‌నూ సిలికాన్ జెల్‌నూ పోల్చిన ఆస్ట్రేలియా అధ్యయనం 2016లో వచ్చింది. అందులో సుమారు మూడింట రెండు వంతుల మంది సిలికాన్‌నే ఎంచుకున్నారు. అయితే ఎక్కువమందిలో కలయిక గురించిన దిగులు మాత్రం పోలేదు. ఆ రెండో మాటను నేను మొదటిదానికంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాను.

ఈసారి నేరుగా లోపల వాడమనలేదు. ఒక చుక్క బయటి పెదవి మీద రాసి ఒక రోజు చూడాలి. మంట, దురద లేకపోతే మర్నాడు ద్వారం దగ్గర ఒక చుక్క. అదీ పడితేనే వాడాలి. మోచేతి మీద పరీక్షించుకుంటే చాలని అనుకుంటారు. మోచేతి చర్మం వేరు, ఆ చోటి పొర వేరు.

మూడు నాలుగు చుక్కలు చాలు, కానీ ఇద్దరూ రాసుకోవాలి. దుప్పటి మీద పడితే మరక ఒక పట్టాన పోదు, పాత తువ్వాలు వేసుకోవాలి. ఇంకో హెచ్చరిక నేను గట్టిగా చెప్పాను. సిలికాన్ నేల మీద పడితే సబ్బు నీళ్లకంటే ఎక్కువ జారుతుంది. లెట్రొజోల్ ఎముకలను పలచబరుస్తుంది, ఆమె డెక్సా స్కాన్‌లో అప్పటికే ఎముకల బలం తగ్గినట్టు వచ్చింది. బాత్‌రూమ్‌లో కాలు జారి తుంటి విరిగితే ఈ వైద్యమంతా ఎందుకు? మంచం మీదే తుడుచుకుని లేవాలి. కింద పడితే సబ్బుతో వెంటనే కడగాలి.

ఇంట్లో కోడలి హెయిర్ సీరమ్ సీసా ఉందట. దాని మీద కూడా డైమెథికోన్ అనే రాసి ఉందని, అది వాడొచ్చా అని తర్వాత ఫోను చేసి అడిగారు. లేబుల్ చదివినందుకు సంతోషించాను, కానీ వద్దన్నాను. సీరమ్‌లో సువాసనలు, ఇతర రసాయనాలు ఉంటాయి. జుట్టుకు చేసినది జుట్టుకే. స్కాన్ సెంటర్లో పొట్టకు రాసే జెల్ కూడా అంతే. అది లోపల వాడటానికి తయారుచేసింది కాదు.

ఆయనతో

మూడోసారి ఆమె భర్తను వెంట తీసుకొచ్చారు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. చాలాసేపు నేల చూసి, "నా వల్ల ఏమైనా తప్పు జరుగుతోందా డాక్టరుగారూ?" అని అడిగారు. ఆమె నొప్పితో వెనక్కి జరిగినప్పుడల్లా, తనంటే ఇష్టం పోయిందని ఆయన అనుకున్నారు. తడి లేకపోవడం ఇష్టం లేకపోవడం కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తడి హార్మోన్ల మీద ఆధారపడే విషయం. మనసులో ఎంత ప్రేమ ఉన్నా లెట్రొజోల్ దాన్ని రానివ్వదు. జెల్ రాసుకోవాల్సి రావడం వల్ల ఎవరి మగతనానికీ, ఎవరి ఆడతనానికీ లోటు లేదు. చూపు తగ్గితే కళ్లజోడు పెట్టుకున్నట్టే. క్యాన్సర్ కలయిక వల్ల అంటదని, కీమో అయిపోయి రెండేళ్లు దాటింది కాబట్టి కండోమ్ అక్కర్లేదని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నారు.

లేవబోతూ, "షాపులో ఏమని అడగాలి?" అన్నారు. నోటితో ఏమీ అడగనక్కర్లేదు, చీటీ ఇవ్వండి అన్నాను. బ్రాండ్ పేరు కాకుండా "సిలికాన్ ఆధారిత లూబ్రికెంట్, డైమెథికోన్, సువాసన లేనిది" అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఊళ్లో మూడు షాపుల్లో దొరకలేదు. చివరికి మా ఆసుపత్రి మందుల షాపులో తెప్పించాను. ఇప్పుడు అక్కడ ఎప్పుడూ రెండు సీసాలు ఉంచుతున్నాం. నీటి జెల్‌తో పోలిస్తే ధర ఎక్కువే, కానీ చుక్కల్లో వాడేది కాబట్టి ఒక సీసా చాలా నెలలు వస్తుంది.

కండరాల బిగుతు

జెల్ పడింది. మంట లేదు. అయినా మొదటి ప్రయత్నంలో నొప్పి 6. నొప్పి ఎక్కడని అడిగితే మళ్లీ ద్వారం దగ్గరే.

కటి కండరాల ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాను. పొట్ట నిండా గాలి పీల్చి వదులుతూ కింది కండరాన్ని వదులు చేయడం, ముందు తన వేలితో, తర్వాత ద్వారాన్ని మెల్లగా సాగదీసే సన్నటి డైలేటర్‌తో అలవాటు చేసుకోవడం నేర్పారు. ఆ డైలేటర్లు సిలికాన్‌తో చేసినవి. సిలికాన్ జెల్ రాస్తే సిలికాన్ వస్తువు ఉపరితలం జిగటగా మారి పాడయ్యే అవకాశం ఉంది. అందుకని డైలేటర్‌కు కొబ్బరి నూనె రాసుకోమన్నాను. కండోమ్ లేదు, ఫంగస్ లేదు, అక్కడ కొబ్బరి నూనెకు అభ్యంతరం ఏమీ లేదు. "అంటే నా కొబ్బరి నూనె చెడ్డది కాదన్నమాట" అని ఆమె ముఖం విప్పారింది. నిజంగానే చెడ్డది కాదు. కండోమ్ పక్కన మాత్రమే అది చెడ్డది.

లిగ్నోకైన్‌ను మళ్లీ తెచ్చాను, ఈసారి వేరే రూపంలో. అమెరికాలోని ఓరెగాన్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన మహిళల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. 4 శాతం లిగ్నోకైన్ ద్రవంలో దూది ముంచి, యోని ద్వారం మీద మాత్రం మూడు నిమిషాలు ఉంచి తీసేశారు. తర్వాత సిలికాన్ లూబ్రికెంట్ వాడారు. నొప్పి బాగా తగ్గింది, భర్తలకు తిమ్మిరి రాలేదు. ఈమెకు నొప్పి ఉన్న చోటు కూడా సరిగ్గా అదే, దూదిపుల్ల పరీక్షలో 5, 7 గంటల చోట్లు. పగులు పూర్తిగా మానిందని చూసుకున్నాకే మొదలుపెట్టాం. మొదటిసారి మా గదిలో అద్దం పట్టుకుని ఎక్కడ పెట్టుకోవాలో చూపించాను. జెల్లీని లోపలంతా పూయడానికీ, చిటికెనవేలంత చోట దూది పెట్టి తుడిచేయడానికీ ఎంతో తేడా ఉంది. డాక్టరు చూడకుండా దీన్ని ఎవరూ సొంతంగా మొదలుపెట్టవద్దు.

ఆరో నెల

పగుళ్లు లేవు. మూత్రంలో మంట లేదు, యాంటీబయాటిక్ అవసరం రాలేదు. పీహెచ్ 6.0 దగ్గరే ఉంది, లెట్రొజోల్ ఉన్నంతకాలం అది మామూలు స్థాయికి వస్తుందని నేను ఆశించడం లేదు. పొర ఇప్పటికీ పలచగానే ఉంది. దూదిపుల్ల తగిలిన చోట నొప్పి 9 నుంచి 3. కలయికలో నొప్పి రెండు, ఒక్కోసారి నాలుగు. నెలకు రెండుసార్లు అని, నవ్వుతూ తల పక్కకు తిప్పుకుని చెప్పారు. లిగ్నోకైన్ దూది ఇప్పుడు ప్రతిసారీ వాడటం లేదట. సీసా బీరువాలో లెట్రొజోల్ మాత్రల పక్కనే పెడుతున్నారు, ఎవరైనా అడిగితే డాక్టరమ్మ ఇచ్చిన మందని చెబుతున్నారు.

ఇక ముందు చేయాల్సినవి: మాయిశ్చరైజర్ మూడు రోజులకోసారి కొనసాగించాలి, ఏడాదికి డెక్సా, లెట్రొజోల్ కోర్సు ముగిసే సమయానికి ఈస్ట్రోజన్ క్రీము గురించి క్యాన్సర్ డాక్టరుతో మళ్లీ మాట్లాడాలి.

వెళ్లబోయే ముందు, తనతో కీమో చేయించుకున్న ఇద్దరికి కూడా అదే చీటీ రాసివ్వమని అడిగారు. ముందు వాళ్లను ఒకసారి చూడాలమ్మా, రమ్మని చెప్పండి అన్నాను. పోయిన నెల ఒకామె వచ్చారు. చీటీ మీద సమస్య "మూత్రంలో మంట" అనే ఉంది. పరీక్ష చేస్తే ఆమెకు ఉన్నది ఫంగస్. జెల్ రాయలేదు, ముందు దానికి మందు ఇచ్చి, రెండు వారాలకు రమ్మన్నాను.